జేసన్ మాస్క్‌తో ఫ్యాన్ ఫిల్మ్ తీయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం. నేనూ, నా ఫ్రెండ్సూ కాలేజీ రోజుల నుంచి స్లాషర్ సినిమాలంటే, అంటే హంతకుడు ఒక్కొక్కరినే వెంటాడి చంపే హారర్ సినిమాలంటే, పడిచస్తాం. 'ఫ్రైడే ది థర్టీన్త్' సిరీస్‌లో 2009 తర్వాత కొత్త సినిమా రాలేదు. కోర్టు కేసు వల్లే ఆగిపోయిందని అంటారు. కథ రాసిన ఆయన ఒక్కడి వల్ల ఇంతమంది అభిమానులు ఇన్నేళ్లు ఎదురుచూడాల్సి రావడం న్యాయమేనా? అభిమానులంతా సంతకాలు సేకరించి కోర్టుకు వెళ్లే వీలుందా? ఇక ఆగలేక, మేమే అరకు వైపు అడవిలో ఓ ఇరవై నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్ తీసి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం. సరస్సు పక్కన క్యాంపు, హాకీ మాస్క్, పెద్ద కత్తి అన్నీ ఉంటాయి. డబ్బు సంపాదించే ఉద్దేశం లేదు. మానిటైజేషన్ ఆన్ చేయం. ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు సూటిగా చెప్తాను. ఆ సిరీస్‌లోని హంతకుడు జేసన్ పేరు, అతని హాకీ మాస్క్, ఆ టైటిల్ వాడి సినిమా తీసి యూట్యూబ్‌లో పెడితే అది చట్టం దృష్టిలో ఉల్లంఘనే. డబ్బు తీసుకోకపోయినా ఉల్లంఘన కాకుండా పోదు. అయితే మీరు తీయాలనుకున్న రకం సినిమాను చట్టానికి అడ్డం రాకుండా తీసే దారి ఉంది. ఆ దారి చెప్పేముందు, "కథ రాసిన ఆయన ఒక్కడి వల్ల" అన్న మీ మాట గురించి మాట్లాడాలి. ఈ వ్యవహారం మొత్తంలో నా మనసుకు బాగా పట్టింది అదే.

మొదటి సినిమా అమెరికాలో 1980 మే 9న విడుదలైంది. దర్శకనిర్మాత షాన్ కనింగ్‌హామ్. స్క్రీన్‌ప్లే విక్టర్ మిల్లర్ రాశారు. 1979లో మానీ అనే కంపెనీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. స్క్రీన్‌ప్లేకి ఇస్తామన్నది రెండు విడతలుగా 9,282 డాలర్లు. దాదాపు ఐదున్నర లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా ఒక్క అమెరికా, కెనడాల్లోనే దాదాపు 4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ తర్వాత సీక్వెల్స్, ఇంకో హారర్ సిరీస్‌లోని హంతకుడు ఫ్రెడ్డీతో కలిపి తీసిన 2003 నాటి సినిమా, 2009 రీబూట్... మొత్తం పన్నెండు సినిమాలు. హక్కులు చేతులు మారి హారర్ ఇంక్ అనే కంపెనీ దగ్గరికి చేరాయి.

పెద్దగా పేరు లేని రోజుల్లో రచయిత బేరమాడలేడు. ఇచ్చినంత తీసుకుని సంతకం పెడతాడు. కథ విలువ ఎంతో అప్పటికి ఎవరికీ తెలియదు, రాసినవాడికి కూడా. అమెరికా చట్టసభ ఈ సంగతి గుర్తించి 1976 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 203 పెట్టింది. 1978 జనవరి 1 నుంచి రచయిత తన హక్కులను ఎవరికి రాసిచ్చినా, సుమారు 35 ఏళ్ల తర్వాత నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. "ఎప్పటికీ వెనక్కి అడగను" అని ఒప్పందంలో రాసిచ్చినా ఆ మాట చెల్లదు. ఇల్లు అమ్మేస్తే మళ్లీ మనది కాదు. కథ విషయంలో మాత్రం రచయితకు రెండోసారి బేరమాడే అవకాశం ఉండాలని ఆ చట్టం కావాలనే అలా రాశారు.

ముఖ్యమైన మినహాయింపు ఒకటి ఉంది. జీతం తీసుకునే ఉద్యోగిగా, ఉద్యోగంలో భాగంగా రాస్తే ఆ రచనకు మొదటి నుంచీ యజమానే రచయిత కింద లెక్క. వెనక్కి తీసుకునే హక్కు ఉండదు. కేసంతా ఈ మినహాయింపు చుట్టూనే తిరిగింది.

2016 జనవరిలో మిల్లర్ నోటీసులు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో మానీ, హారర్ ఇంక్ కలిసి కనెటికట్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. వాటి వాదన సూటిగా ఉంది. మిల్లర్ రచయితల యూనియన్ సభ్యుడు, మానీ ఆ యూనియన్‌తో ఒప్పందం ఉన్న కంపెనీ, కార్మిక చట్టం ప్రకారం ఆయన ఉద్యోగే, కాబట్టి స్క్రీన్‌ప్లే కంపెనీదే. 2018 సెప్టెంబరు 28న జడ్జి ఈ వాదన ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లోని సెకండ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2021 సెప్టెంబరు 30న ఆ తీర్పునే ఖాయం చేసింది. యూనియన్‌లో ఉండటం వేరు, కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కావడం వేరు అని చెప్పింది. పని మీద ఎవరి అజమాయిషీ ఎంత, ఆ పనికి ఎంత నైపుణ్యం కావాలి, ఉద్యోగికిచ్చే సౌకర్యాలు ఇచ్చారా, జీతంలో కోసినట్టు పన్ను కోశారా, ఆ ఒక్క పని కాక వేరే పని చెప్పే హక్కు కంపెనీకి ఉందా, ఇవన్నీ చూసి మిల్లర్ విడిగా పనిచేసిన రచయితేనని తేల్చింది.

కాబట్టి అభిమానుల ఎదురుచూపుకు కారకుడని ఆయన్ని తప్పుపట్టడం నాకు సరిగా అనిపించదు. దావా వేసింది కూడా ఆయన కాదు, కంపెనీలు. మీరు ప్రేమించే ఆ క్యాంపును, కొడుకు నీళ్లలో మునిగిపోయాడని పగతో రగిలే ఆ తల్లిని మొదట కాగితం మీద పెట్టింది ఆయనే. ఇలాంటి హక్కు మన దేశంలో లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 2012లో ఒక మంచి సవరణ వచ్చింది. దాని ప్రకారం, సినిమాలో వాడిన కథకు, పాటకు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత నిర్మాతకు రాసిచ్చేయలేడు. ఆ వాటా థియేటర్ ప్రదర్శనకు వర్తించదు. అంతకు మించి, ముప్పై అయిదేళ్ల తర్వాత కథనే తిరిగి చేతికి తీసుకునే వీలు ఇక్కడ లేదు. కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో కూర్చుని కథలు రాసి, ఒక్క చెక్కుకు అంతా రాసిచ్చేసే కుర్రాళ్లు ఎంతమందో. అలాంటి హక్కు మనకూ రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి.

ఇంకో సంగతి. ఆలస్యమంతా కేసుదే కాదు. 2017 అక్టోబరు 13న విడుదల కావాల్సిన కొత్త సినిమాను పారమౌంట్ సంస్థ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పక్కన పెట్టేసింది. కేసు దెబ్బ నేరుగా తగిలింది వీడియో గేమ్‌కి. 2017లో వచ్చిన ఆ గేమ్‌కు కొత్త పాత్రలు, మ్యాపులు తయారుచేయడం 2018 జూన్‌లో ఈ దావా వల్లే ఆపేశారు. లైసెన్స్ గడువు దగ్గరపడటంతో 2023 చివర అమ్మకాలు కూడా ఆపేశారు.

మిల్లర్ గెలిచారు కదా, మరి వెంటనే సినిమా ఎందుకు రాలేదని మీకు అనిపించవచ్చు. గెలిచింది అంతా కాదు కాబట్టి. సెక్షన్ 203 కింద తిరిగి వచ్చేవి అమెరికా హక్కులు మాత్రమే. మిగతా దేశాల హక్కులు పాతవాళ్ల దగ్గరే ఉంటాయి. అప్పటికే తీసిన సినిమాలను వాళ్లు యథావిధిగా ఆడించుకోవచ్చు. టైటిల్ మీద ట్రేడ్‌మార్క్ వేరే లెక్క, అది ఈ తీర్పుతో రచయితకు రాలేదు. ఇక అసలు చిక్కు జేసన్. మొదటి సినిమాలో హంతకుడు జేసన్ కాదు, వాళ్లమ్మ. జేసన్ కనిపించేది చివర్లో, సరస్సులోంచి పైకి లేచే పిల్లవాడిగా. పెద్దవాడై చంపడం మొదలుపెట్టేది 1981 నాటి రెండో భాగంలో. హాకీ మాస్క్ వచ్చింది 1982 నాటి మూడో భాగంలో. ఆ రెండూ మిల్లర్ రాసినవి కావు. పెద్దవాడైన జేసన్ మీద మిల్లర్‌కు హక్కు ఎంతవరకు ఉందో కోర్టు తేల్చలేదు. అంటే అమెరికాలో మొదటి కథ మిల్లర్‌ది, మాస్క్ వేసుకున్న మనిషి మీద ఆయనకెంత, కంపెనీకెంత అన్నది తేలలేదు. ఇద్దరూ ఒక మాట మీదకు రాకుండా పెద్ద స్టూడియో ఏదీ డబ్బు పెట్టదు.

మీ ఆశ వృథా మాత్రం కాదు. మొదటి సినిమాకు ముందు జరిగిన కథగా, అందులోని సరస్సు పేరుతోనే 'క్రిస్టల్ లేక్' అనే సిరీస్‌ను 2022 అక్టోబరు 31న ప్రకటించారు. తీసేది ఏ24 అనే నిర్మాణ సంస్థ, పీకాక్ అనే అమెరికా ఓటీటీ కోసం. మిల్లర్ కూడా అందులో ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. 2024లో దాన్ని నడిపే రచయిత మారారు, ఆ తర్వాత పని ముందుకు సాగింది. ఇటు హారర్ ఇంక్ 2025 ఆగస్టులో జేసన్‌తో ఒక షార్ట్ ఫిల్మ్ వదిలింది. ఇద్దరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫ్రెడ్డీ సిరీస్‌దీ ఇలాంటి పరిస్థితే. ఫ్రెడ్డీ క్రూగర్ సృష్టికర్త వెస్ క్రేవెన్ 2015లో చనిపోయారు. 1984 నాటి మొదటి ఫ్రెడ్డీ సినిమా కథ అమెరికా హక్కులు 2019లో ఆయన వారసులకు తిరిగి వచ్చినట్టు వార్తలు వచ్చాయి. అక్కడా విదేశీ హక్కులు వేరే చేతుల్లోనే ఉంటాయి కనుక మీరు ఓపిక పట్టాల్సిందే.

అభిమానులు కోర్టుకు వెళ్లవచ్చా అంటే, కుదరదు. హక్కు ఉన్నవాడు సినిమా తీయకుండా ఉండటం కూడా అతని హక్కే. అభిమానానికి ఎంత బలమున్నా, దావా వేయడానికి చట్టం గుర్తించే హక్కు మీకొకటి ఉండాలి, అది లేదు. సంతకాలు సేకరించి స్టూడియోలకు పంపండి, అందులో తప్పేం లేదు. మార్కెట్ ఉందని వాళ్లకు తెలుస్తుంది. కోర్టు ఫీజుకు మాత్రం డబ్బు పోగుచేయొద్దు.

ఇప్పుడు మీ ఫ్యాన్ ఫిల్మ్. ఒక దేశపు రచనలకు మరో దేశం కాపీరైట్ రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో అమెరికా, మనం ఇద్దరం ఉన్నాం కాబట్టి అక్కడి సినిమాకు ఇక్కడా రక్షణ ఉంటుంది. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద సొంత వాడకానికి, సమీక్షకు, విమర్శకు మినహాయింపు ఉంది. నలుగురూ ఇంట్లో కూర్చుని చూసుకోవడం వేరు, యూట్యూబ్‌లో లోకమంతటికీ పెట్టడం వేరు. పాత్రకు కూడా రక్షణ ఉంటుందా అని మీరు అడగవచ్చు. మన తెలుగు సినిమా మీదే ఇలాంటి కేసు నడిచింది. 2016లో 'సర్దార్ గబ్బర్ సింగ్' మీద 'దబంగ్' నిర్మాతలు బాంబే హైకోర్టుకు వెళ్లారు. ప్రత్యేకంగా మలిచిన పాత్రకు కాపీరైట్ రక్షణ ఉండవచ్చని కోర్టు ప్రాథమికంగా ఒప్పుకుంది. సినిమాను ఆపే మధ్యంతర ఉత్తర్వు మాత్రం ఇవ్వలేదు. జేసన్ అంత ప్రత్యేకంగా కనిపించే పాత్ర అయితే వాదన ఇంకా బలంగా ఉంటుంది.

తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా. పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగిన, బెయిల్ హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపార లాభం కోసం కాకపోతే కారణాలు రాసి శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. మీ "మానిటైజేషన్ ఆన్ చేయం" అన్న మాట ఉపయోగపడేది అక్కడే, తప్పించుకోవడానికి కాదు. ఓ ఫ్యాన్ ఫిల్మ్ కోసం మిమ్మల్ని జైల్లో పెడతారని టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. వాస్తవంగా జరిగేది వీడియో తీసేయడం. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు, అంటే కాపీరైట్ ఫిర్యాదుల మీద యూట్యూబ్ ఇచ్చే హెచ్చరికలు, పడితే ఛానలే పోతుంది. వీడియో తీసేయడం తప్పని మీరు ఎదురు నోటీసు ఇవ్వాలంటే అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని రాసివ్వాలి. అరకులో తీసిన ఇరవై నిమిషాల సినిమా కోసం అంత దూరం వెళ్తారా?

"వేరేవాళ్లు తీశారు కదా, ఎవరూ ఏమీ అనలేదు" అని మీ ఫ్రెండ్స్ అంటారు. నిజమే, హక్కుదారులు చాలాసార్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఊరుకోవడం అనుమతి కాదు. 'స్టార్ ట్రెక్' అభిమానులు కొందరు జనం నుంచి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేసి సినిమా మొదలుపెడితే 2015 చివర్లో పారమౌంట్, సీబీఎస్ దావా వేశాయి. అనుమతి లేకున్నా న్యాయమైన మేరకు వాడుకోవచ్చనే ఫెయిర్ యూజ్ వాదన ఆ సినిమాకు చెల్లదని 2017 జనవరిలో జడ్జి తేల్చారు, ఆ నెలలోనే రాజీ కుదిరింది. మీ విషయంలో అనుమతి అడగాలన్నా ఒకరిని అడిగితే చాలదు. మీ వీడియో అమెరికాలో కనిపిస్తే మొదటి కథకు మిల్లర్, ఇండియాలో కనిపిస్తే కంపెనీ. యూట్యూబ్‌లో రెండు చోట్లా కనిపిస్తుంది.

మరి దారేమిటంటే, ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే మన సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. రక్షణ ఉండేది ఆ ఆలోచనను చెప్పిన తీరుకే. అడవిలో కుర్రకారు, ఒక్కొక్కరూ మాయమవడం, ముఖం కనపడని హంతకుడు, చివరికి మిగిలే ఒక్క అమ్మాయి, ఇవి ఎవరి సొత్తూ కావు. అసలు స్లాషర్ సినిమాలు పెరిగిందే ఇలా ఒకరిని చూసి ఒకరు నేర్చుకుని. కాబట్టి జేసన్ పేరు, హాకీ మాస్క్, క్రిస్టల్ లేక్ పేరు, ఆ టైటిల్, ఆ సినిమా సంగీతం, క్లిప్పులు ఇవేవీ పెట్టొద్దు. మీ హంతకుడికి మీదైన ముఖం, మీదైన పగ ఇవ్వండి. తూర్పు కనుమల పొగమంచు, కాఫీ తోటలు, వానాకాలంలో తెగిపోయే ఘాట్ రోడ్డు... ఇవి న్యూజెర్సీలో ఉన్నట్టు చూపించిన ఆ సినిమా క్యాంపుకు లేవు. రిజర్వ్ ఫారెస్టులో షూటింగ్ అయితే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.

చివరగా, మీ అందరిలో స్క్రిప్ట్ ఎవరు రాస్తారో ఆ ఫ్రెండ్‌తో కాగితం రాసుకోండి. నోటిమాట చాలదు, హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని సెక్షన్ 19 చెప్తోంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాకే అని చట్టం అనుకుంటుంది. వేరే విధంగా రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకుంటే అది పోతుంది కూడా. మీరు పెట్టేది యూట్యూబ్‌లో కనుక "ప్రపంచమంతటా" అని రాయించండి. సీక్వెల్ తీస్తే ఆ ఫ్రెండ్‌కు ఎంత వాటా అన్నది కూడా అదే కాగితంలో, ఇప్పుడే తేల్చుకోండి.