ఉపాధ్యాయ సంఘంలో చేరితే ఏడాదికి ఎంత పడుతుంది?

ఒక కొత్త టీచరమ్మ, మెగా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా వచ్చి శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు చేరానని, నెల తిరక్కుండానే మూడు సంఘాల వాళ్లు రసీదు పుస్తకాలతో బడికొచ్చారని, కట్టి తీరాలా, మొత్తం ఎంతవుతుందని అడిగారు. నేను 1996 డీఎస్సీ వాణ్ణి, శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ పనిచేశాను.

కట్టి తీరాలని రూలేం లేదమ్మా. వృత్తి పన్ను నెలకు 200, ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), మీకైతే సీపీఎస్ (పెన్షన్ వాటా) 10 శాతం మనల్ని అడక్కుండానే జీతంలో కోస్తారు. సంఘం చందా మీ చేత్తో మీరు తీసిస్తేనే. సభ్యత్వం ఏడాదికోసారి. ఇన్నేళ్లలో ఏ ఏడూ అది నా ఒక్కరోజు జీతం దాకా కూడా రాలేదు. దానికి ఇన్‌కమ్ టాక్సులో మినహాయింపు మాత్రం లేదు.

అసలు ఖర్చు రసీదు కోశాక మొదలవుతుంది. డిసెంబరులో డైరీ, క్యాలెండరు. తర్వాత పత్రిక చందా. మహాసభ జరిగే ఏడు విరాళం. ఇవి కాక పోరాట నిధి, భవన నిధి. మొహమాటానికి ఒక ఏడాది మూడు డైరీలు కొన్నాను, మా ఆవిడ పాల లెక్కలకి పనికొచ్చాయి. ఒకసారి భవన నిధికని వెయ్యి ఇచ్చాను. రసీదు అడగలేదు, ఆ భవనం పునాది కూడా నా కంటపడలేదు. నా తప్పే.

మరి ఎందుకు కడుతున్నావంటారా? 2004లో నాకు ఎనిమిదేళ్ల స్కేలు (ఎనిమిదేళ్ల సర్వీసు నిండితే వచ్చే పై స్కేలు) రావాలి. సర్వీసు రిజిస్టరులో ఏదో ఎంట్రీ లేదని ఆర్నెల్లు ఫైలు కదల్లేదు. నేను వెళ్తే "రేపు రండి" అనేవారు. మా సంఘం మండల కార్యదర్శి ఓ సాయంత్రం బడి అయ్యాక నన్ను బండెక్కించుకుని ఆఫీసుకి తీసుకెళ్లారు. రిజిస్టరు తెరిపించి, "చేరిన తేదీ ఉంది, సంతకం ఉంది, ఇంకేటి కావాలండీ?" అని అక్కడే కూర్చుండిపోయారు. వారంలో ప్రొసీడింగ్స్ వచ్చాయి. ఆ ఎరియర్స్‌తో పదేళ్ల సభ్యత్వం కట్టేయొచ్చు.

అన్నిసార్లూ అలా కాదు. 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) ఇస్తూ ఫిట్‌మెంట్ (కొత్త పీఆర్సీలో జీతం పెంపు) 23 శాతమే అన్నప్పుడు, 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగుల చలో విజయవాడ నిరసనకి సెలవు పెట్టి వెళ్లాను. రైలు ఛార్జీ, తిండి నా జేబులోంచే. బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. అయినా ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగిపోయింది.

అందుకే జెండా రంగు చూసి కట్టకండి. మీ మండలంలో పాత మేస్టార్లని విడివిడిగా ఒక్కటే అడగండి: "బిల్లు ఆగితే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?" నలుగురిలో ముగ్గురు ఒకే పేరు చెబితే ఆయన సంఘానికి కట్టండి. రసీదు మీద పేరు సరిగా చూసుకోండి. ఏపీటీఎఫ్ (ఆంధ్రప్రదేశ్ టీచర్స్ ఫెడరేషన్) పేరుతోనే రెండు సంఘాలున్నాయి, పక్కన 1938 అని ఒకదానికి, 257 అని ఇంకోదానికి ఉంటుంది. అవి సంవత్సరాలు కావు, రిజిస్ట్రేషన్ నంబర్లు. కొత్తలో నేనూ పొరబడ్డాను.

మిగతా ఇద్దరికీ టీ ఇప్పించి "వచ్చే ఏడు చూద్దాం మేస్టారూ" అనండి. ఏమీ అనుకోరు, జూలైలో మళ్లీ వస్తారు.