షాప్ సబ్‌డొమైన్‌కు మాత్రం వైల్డ్‌కార్డ్ ఎందుకు పట్టడం లేదు?

*.ఎగ్జాంపుల్.కామ్‌కు (విడిగా రాయని సబ్‌డొమైన్లకు జవాబిచ్చే స్టార్ పేరు, అదే వైల్డ్‌కార్డ్) 'ఏ' రికార్డ్ (పేరుకు ఐపీ చిరునామా చెప్పేది) పెట్టాను, మిగతా సబ్‌డొమైన్లన్నీ తెరుచుకుంటున్నాయి, షాప్.ఎగ్జాంపుల్.కామ్ ఒక్కటే ఐపీ ఇవ్వడం లేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, సర్వర్ బాగానే ఉంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కోసం, డొమైన్ మీదేనని రుజువుగా మీరు చేర్చిన _ఆక్మీ-ఛాలెంజ్.షాప్.ఎగ్జాంపుల్.కామ్ టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డే దీనికి కారణం.

వైల్డ్‌కార్డ్ జోన్‌లో (మీ డొమైన్ రికార్డుల జాబితాలో) లేని పేర్లకే జవాబిస్తుంది, షాప్ కింద ఇంకో పేరు చేర్చారంటే షాప్ మీద ఒక్క రికార్డ్ కూడా లేకపోయినా డీఎన్ఎస్ (పేర్లకు ఐపీలు చెప్పే వ్యవస్థ) లెక్కలో ఆ పేరు ఉన్నట్టే, ఇక స్టార్ దాని జోలికి రాదు. 2006 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4592 చెప్పేది ఇదే. డిగ్ అనే డీఎన్ఎస్ కమాండ్‌తో అడిగి చూడండి, స్టేటస్ నోఎర్రర్ అని వస్తుంది, ఆన్సర్ సెక్షన్ మాత్రం ఉండదు. పేరూ లేక, స్టార్ కూడా వర్తించకపోతే ఎన్ఎక్స్‌డొమైన్ (అలాంటి పేరే లేదు) అనేది.

టీఎక్స్‌టీ తీసేసినా పని జరుగుతుంది కానీ సర్టిఫికెట్ రెన్యువల్‌కు మళ్లీ ఇదే తలనొప్పి, కాబట్టి షాప్‌కు అదే ఐపీతో విడిగా 'ఏ' రికార్డ్ రాసేయండి, నా మాట వినండి. స్టార్‌కు క్వాడ్-ఏ (ఐపీవీ6 చిరునామా), ఎమ్ఎక్స్ (మెయిల్ సర్వర్) రికార్డులు కూడా ఉంటే అవీ షాప్‌కు విడిగా రాయాలి. ఎస్ఓఏ రికార్డ్‌లోని సీరియల్ (జోన్ మారిందని చెప్పే నంబర్) పెంచి జోన్ రీలోడ్ చేయండి. వెంటనే కనిపించకపోతే కంగారొద్దు, రిజాల్వర్లు (మన తరఫున డీఎన్ఎస్‌ను అడిగే సర్వర్లు) ఆ ఖాళీ జవాబును కూడా కాసేపు క్యాష్‌లో ఉంచుకుంటాయి.