రెండు మీటర్ల డీఎన్ఏ కణంలో ఎలా ఇముడుతుంది? అంతా కేంద్రకంలోనే ఉంటుందా?

మనిషి కణంలోని 46 క్రోమోజోముల డీఎన్ఏను వరసగా పరిస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. దాన్ని దాచుకునే కేంద్రకం వెడల్పు మాత్రం చాలా కణాల్లో మిల్లీమీటరులో వందో వంతుకు మించదు. ఉండలా కుక్కేస్తే చిక్కు పడిపోతుంది, అవసరమైన జన్యువు దొరకదు. అందుకే కణం నేతపని వారి పద్ధతి పాటిస్తుంది: కండెకు నూలు చుట్టినట్టు చుడుతుంది.

ఇక్కడ కండెలు హిస్టోన్ అనే ప్రోటీన్లు. ఎనిమిది హిస్టోన్లు కలిసిన ముద్ద చుట్టూ 147 బేస్ జతల (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) పొడవున్న డీఎన్ఏ ఒకటిన్నర చుట్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. డీఎన్ఏకు రుణావేశం, హిస్టోన్లకు ధనావేశం ఉండటంతో పట్టు కుదురుతుంది. ఈ పూసను న్యూక్లియోసోమ్ అంటారు. పూసల దండ మళ్లీ మడతలు పడి క్రోమాటిన్ అవుతుంది. వాడుకలో ఉన్న జన్యువుల దగ్గర అది వదులుగా, మిగతాచోట్ల బిగువుగా ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించే గుణకారపు గుర్తు ఆకారం కణం విభజన చెందేటప్పటిదే. ఆ బొమ్మ చూసి క్రోమోజోములు ఎప్పుడూ అలాగే ఉంటాయనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇక రెండో ప్రశ్న. అంతా కేంద్రకంలోనే ఉండదు. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో 16,569 బేస్ జతల చిన్న వలయాకార డీఎన్ఏ ఉంది. అందులో 37 జన్యువులు, దాదాపు ఎప్పుడూ తల్లి నుంచే వస్తాయి. మొక్కల్లో హరితరేణువులకూ సొంత డీఎన్ఏ ఉంటుంది. మన పరిణత ఎర్ర రక్తకణాల్లో కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేవు.