యువ రచయితకు లేఖ: మెమరీని ఎవరు దాస్తున్నారు, ఎవరు కాస్తున్నారు

కర్నూలు

ప్రియమైన తమ్ముడికి,

యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్ తనకోసం మెమరీ పక్కన పెట్టుకోవడం గురించి అనంతపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష తేటగా ఉంది. "ఫర్మ్‌వేర్ కొంత మెమరీని రిజర్వ్ చేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాని జోలికి పోదు" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ఎవరు చెబితే పోదు? వినకుండా పోతే ఏమవుతుంది? చదివేవాడికి కావలసింది అదే.

అడంగల్‌లో రాసిన హద్దు వేరు, చేను చుట్టూ వేసిన ముళ్ళకంచె వేరు గదా. డివైస్ ట్రీలోనో (యంత్రంలో ఏ భాగం ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కర్నెల్‌కు చెప్పే పట్టిక) యూఈఎఫ్ఐ (ఒక ఫర్మ్‌వేర్ ప్రమాణం) మెమరీ మ్యాప్‌లోనో ఉండేది రాత. కంచె వేసేది హార్డ్‌వేర్: రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో పీఎంపీ (మెమరీలో ఏ చోటును ఎవరు ముట్టుకోవచ్చో కాసే భాగం), ఆర్మ్ ప్రాసెసర్లున్న చోట అదే పని చేసే టీజెడ్‌సీ-400 లాంటి కంట్రోలర్. కంచె ఉండి రాత లేకపోతే కర్నెల్ ఆ పేజీలను మామూలు ర్యామ్ అనుకుని ఏదో ప్రోగ్రామ్‌కు ఇచ్చేస్తుంది, ముట్టుకోగానే యాక్సెస్ ఫాల్ట్. రాత ఉండి కంచె లేకపోతే బుద్ధిగల కర్నెల్ తప్పుకుంటుంది, అంతే. కావాలని చూసేవాడిని ఆపేదేమీ లేదు. ప్రతి పేరాలో ఈ రెంటిలో దేని గురించి చెబుతున్నావో తేల్చి రాయి.

ఉదాహరణకు క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లోని వర్ట్ మెషిన్ (సాఫ్ట్‌వేర్‌లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) తీసుకో, ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు. 64-బిట్ రిస్క్-ఫైవ్‌లో అక్కడ ర్యామ్ హెక్స్ 80000000 దగ్గర మొదలవుతుంది. ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ అక్కడే కూర్చుంటుంది, కర్నెల్ 2 ఎంబీ తర్వాత, 80200000 దగ్గర. ఓపెన్‌ఎస్‌బీఐ తన చోటును పీఎంపీతో మూసి, డివైస్ ట్రీలోని రిజర్వ్‌డ్-మెమరీ నోడ్ కింద ఒక పిల్ల నోడ్ చేరుస్తుంది.

ఆ నోడ్‌లో 'నో-మ్యాప్' అన్న గుర్తు ఎందుకో వివరంగా రాయి. అది లేకపోతే కర్నెల్ ఆ చోటును ఎవరికీ ఇవ్వదు గానీ తన పేజీ టేబుళ్ళలో (ఏ అడ్రసు మెమరీలో ఎక్కడికి పోతుందో చెప్పే పట్టికలు) చూపుకోవచ్చు. చూపితే ప్రాసెసర్ ముందస్తుగా అక్కడ చదివే వీలుంటుంది. ఈ గుర్తు పెట్టని ఓపెన్‌ఎస్‌బీఐ ఉన్న యంత్రాల్లో లినక్స్ 6.4తో హైబర్నేషన్ విఫలమైంది. మెమరీ మొత్తాన్ని డిస్కుకు దించబోయి కర్నెల్ కంచె మీద పడింది.

కొలతల దగ్గర తొందరపడొద్దు. పీఎంపీలో ఎక్కువగా వాడే నాపాట్ పద్ధతిలో పరిమాణం 2 ఘాతంగా ఉండాలి, మొదలు ఆ పరిమాణపు గుణిజం మీద పడాలి. అలా ఒకే ఎంట్రీతో మూస్తే నీకు 300 కేబీ చాలినా 512 కేబీ మూయాల్సిందే. అప్పుడు రాతలోనూ 512 అనే ఉండాలి. 300 అని రాస్తే మిగిలిన 212 కేబీ కర్నెల్ లెక్కలో ర్యామే. యంత్రం చక్కగా లేస్తుంది, మెమరీ నిండే రోజున ఏ సంబంధమూ లేని ప్రోగ్రామ్ దగ్గర పడిపోతుంది. అందుకే "బూట్ అయింది కాబట్టి సరిగ్గానే ఉంది" అని ఎక్కడా రాయకు.

రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లో 'రేంజెస్' అన్న ప్రాపర్టీ లేకపోయినా, అడ్రస్, సైజ్ సెల్స్ (అడ్రసుకూ పరిమాణానికీ ఎన్ని 32-బిట్ ముక్కలో చెప్పే సంఖ్యలు) రూట్ నోడ్‌తో కలవకపోయినా లినక్స్ ఆ నోడ్ మొత్తాన్నీ పక్కన పెడుతుంది. లాగ్‌లో ఒక్క వరుస, అంతే. అంతకన్నా మోసం చేసేది బూట్‌లోడర్, అంటే కర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించి నడిపించే ప్రోగ్రామ్. ఫర్మ్‌వేర్ నోడ్ చేర్చిన ట్రీని వదిలేసి యూ-బూటో గ్రబ్బో డిస్కులోని వేరే ట్రీని కర్నెల్‌కు ఇస్తే, పాత ట్రీలోని నోడ్‌లను కొత్తదాంట్లోకి ఎవరో ఒకరు నకలు చేయాలి. చేయకపోతే కంచె మిగిలి రాత పోతుంది.

యూఈఎఫ్ఐకి ఒక పేరా చాలు. నో-మ్యాప్ ఉన్న చోటును మెమరీ మ్యాప్‌లో రిజర్వ్‌డ్ రకంగా, లేనిదాన్ని బూట్ సర్వీసెస్ డేటాగా చూపాలి. రెండు రాతలూ ఒకే మాట చెప్పాలి.

సరిచూసే పద్ధతి తప్పక చేర్చు. సోర్స్ ఫైలు చూడమనొద్దు. నడుస్తున్న యంత్రంలో ప్రాక్ కింది డివైస్-ట్రీ ఫోల్డర్ తెరిస్తే కర్నెల్‌కు నిజంగా అందిన ట్రీ కనిపిస్తుంది. పక్కనే ఏ అడ్రసు దేనికి పోయిందో చూపే ఐఓమెమ్ ఫైలు ఉంటుంది. దాన్ని రూట్‌గా చదవాలి, మామూలు యూజర్‌కు అడ్రసులన్నీ సున్నాలే కనబడతాయి. ఇది చెప్పకపోతే సగంమంది నీ వ్యాసం తప్పనుకుంటారు.

మళ్ళీ పంపేటప్పుడు బోర్డు పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, కర్నెల్ వెర్షన్ మొదటి పేరాలోనే ఉండాలి.

ఉంటాను,
మీ అన్న