అడవిలోని వెల్‌నెస్ రిట్రీట్‌కు మూడు రోజుల కోసం వెళ్లకండి

ఉద్యోగంతో బాగా అలసిపోయానని, ఉష్ణమండల అడవి మధ్య ఉన్న ఖరీదైన వెల్‌నెస్ రిట్రీట్‌లో, అంటే విశ్రాంతికీ చికిత్సలకీ వెళ్లి ఉండే చోట, మూడు రాత్రులు గడిపితే మనసు కుదుటపడుతుందా అని అడిగారు. పురుగులంటే భయమనీ రాశారు. అలాంటి చోట నేను తొమ్మిది రాత్రులు ఉండి వచ్చాను కాబట్టి సూటిగా చెబుతాను. మూడు రాత్రులకైతే వెళ్లకండి. ఆ డబ్బు అలాగే దాచుకుని, కనీసం వారం సెలవు దొరికినప్పుడు వెళ్లండి.

మొదటి మూడు రోజులు నాకు నరకంలా గడిచాయి. అక్కడ పరిచయమైన వాళ్లలో చాలామంది అదే మాట అన్నారు.

నేను చేరిన సాయంత్రం నుంచే కాఫీ, టీ బంద్. మర్నాడు మధ్యాహ్నానికి కణతలు పగిలిపోతాయేమో అన్నంత తలనొప్పి. అడవి గాలి పడలేదేమోనని భయపడి అక్కడి డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆవిడ మొట్టమొదట అడిగిన ప్రశ్న రోజుకు ఎన్ని కప్పులు తాగుతారని. కెఫీన్ ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉండవచ్చు. అంటే మూడు రాత్రుల అతిథి తలనొప్పితోనే తిరుగు ప్రయాణం కట్టాల్సి రావచ్చు. మీరు మాత్రం బయలుదేరడానికి రెండు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వెళ్లండి. ఈ ఒక్క పని చేసి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి.

ఫోను రిసెప్షన్‌లో ఒక గుడ్డసంచిలో పెట్టి తీసుకున్నారు. రోజుకు అరగంట మాత్రం ఇచ్చేవారు. ఫోను తీసేసుకున్నా చేతికి ఆ సంగతి తెలియలేదు. భోజనశాల నుంచి నా గదికి పది నిమిషాల నడక. రెండో రోజు ఆ దారిలో చెయ్యి దానంతట అదే ఏడుసార్లు జేబు దగ్గరకు వెళ్లింది. లెక్కపెట్టాను. ఎంత అలసిపోయి ఉన్నానో నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే.

ఇక రాత్రులు. అడవి అంటే నిశ్శబ్దం అనుకుని వెళ్లాను. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పగలు, రాత్రి ఏడాది పొడవునా దాదాపు చెరో 12 గంటలు. సూర్యుడు ఇంచుమించు నిటారుగా దిగిపోతాడు కాబట్టి సంధ్య కూడా ఎక్కువసేపు ఉండదు. చూస్తుండగానే చీకటి, ఆ వెంటనే కీచురాళ్లు, వాటితో పోటీగా కప్పలు. నా గదికి రెండు వైపుల గోడలు లేవు, సన్నటి వల మాత్రమే ఉంది. మొదటి రెండు రాత్రులు చెవులకు దూది పెట్టుకుని పొర్లుతూనే ఉన్నాను.

నాలుగో రాత్రి ఎనిమిదిన్నరకు నిద్రపట్టింది. అలారం లేకుండా తెల్లవారుజామున ఐదున్నరకు మెలకువ వచ్చింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. అలా నిద్రపోయి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. ఏ మందూ ఇవ్వలేదు, ప్రత్యేకమైన చికిత్స కూడా చేయలేదు. చీకటిపడ్డాక అక్కడ వెలిగేవి కాలి మడమల ఎత్తులో పెట్టిన పసుపు దీపాలే. మెలటోనిన్ అనే హార్మోను చీకట్లో పెరుగుతుంది, ప్రకాశవంతమైన దీపాలు, ఫోను తెరలు దాన్ని వెనక్కి నెడతాయి. నాకు పనిచేసింది ఆ చీకటి అనే నమ్ముతున్నాను.

ఆ ఉదయం చెబితే తప్ప ఈ జవాబు పూర్తి కాదు. రాత్రి కురిసిన వాన ఆగిపోయినా, చెట్ల కింద ఇంకా కురుస్తూనే ఉంది. పై కొమ్మల నీళ్లు కింది కొమ్మలకు, వాటి నుంచి పొదలకు దిగుతున్నాయి. వరండా ముందున్న మొక్క ఆకులకు చివర తోకలాంటి సన్నటి మొన ఉంది. వర్షారణ్యాల్లో చాలా ఆకులు అలాగే ఉంటాయి, నీరు నిలవకుండా జారిపోవడానికి. ఆకు మీది తడి అంతా ఆ మొన దగ్గరకు చేరి, చుక్కగా ఉబ్బి, కాసేపు వేలాడి, పడేది. చుక్క పడగానే ఆకు కొద్దిగా పైకి లేచేది. మళ్లీ ఇంకో చుక్క. గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. దట్టమైన వర్షారణ్యంలో నేల దాకా చేరే వెలుతురు నూటికి రెండు వంతులేనట. ఆ కాస్త వెలుతురులో ప్రతి చుక్కా మెరిసింది. ఆ గంటలో ఆఫీసు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని స్నానం చేస్తున్నప్పుడు తట్టింది.

చికిత్సల విషయంలో నా మాట వినండి, తక్కువ పెట్టుకోండి. రోజుకు మూడు చొప్పున ముందే రాయించుకున్నాను. గంట కొట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ ఆఫీసు సమావేశాల పట్టికే. ఐదో రోజు నుంచి ఒక్కటే ఉంచుకున్నాను. శిరోధార బాగుంది. గోరువెచ్చని నూనె నుదుటి మీద దారంలా అటూ ఇటూ కదులుతుంటే ఆలోచన మధ్యలోనే తెగిపోతుంది. అంతకన్నా నాకు మేలు చేసింది అడవిలో నెమ్మది నడక. 1982లో జపాన్ అటవీ శాఖ ‘షిన్‌రిన్ యోకు’ అని పేరు పెట్టి, జనాన్ని అడవిలో తీరిగ్గా గడపమని ప్రోత్సహించింది. ‘అటవీ స్నానం’ అని అర్థం. రెండు గంటల్లో అర కిలోమీటరు కూడా నడవలేదు. దీనికి అదనపు రుసుము కూడా లేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. శరీరంలోని విషాలన్నీ బయటకు పంపే నాలుగు రోజుల శుద్ధి కార్యక్రమం అంటూ ఒక సలహాదారు నన్ను ఒప్పించబోయారు, ఆ నాలుగు రోజులూ బీపీ మాత్ర ఆపమన్నారు. నేను ఆపలేదు. రిసెప్షన్ ఫోను నుంచి మా డాక్టరుకు చేస్తే, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దన్నారు. వ్యర్థాలను బయటకు పంపే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకునేవారు అక్కడి ఉపవాసాల్లో చేరితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందులు వాడుతుంటే ఆ జాబితా ముందే పంపి, మీ డాక్టరుతో మాట్లాడాకే ఏ శుద్ధికైనా ఒప్పుకోండి. ఇంత ఖరీదైన చోట ఇలాంటి సలహా ఇస్తారని నేను ఊహించలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

పురుగుల సంగతి. గదిలో దోమతెర ఉంటుంది, బల్లులూ ఉంటాయి, అవి దోమల్ని తింటాయి. జలగలు తడి బాటల్లో పట్టుకుంటాయి. నన్ను రెండు పట్టాయి. నొప్పి ఉండదు, కానీ రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతాయి కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది. గోటితో మెల్లగా నెట్టి తీసేసి, కడిగి గట్టిగా నొక్కి ఉంచితే చాలు. జాగ్రత్త పడాల్సింది పగటి దోమలకు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది. ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల మందు రాసుకోండి. కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం రావచ్చు, అంటే ఇంటికి వచ్చాక కూడా. అప్పుడు అడవికి వెళ్లి వచ్చానని డాక్టరుకు తప్పక చెప్పండి. పరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు.

నూలు బట్టలు ఆరవు. తోలు బెల్టుకు ఐదు రోజుల్లో బూజు పట్టింది. తేలికగా ఆరే బట్టలు, రెండు జతల చెప్పులు చాలు.

బుక్ చేసే ముందు ఫోను చేసి మూడు విషయాలు అడగండి. డాక్టరు రాత్రి కూడా అక్కడే ఉంటారా, దగ్గర్లోని ఆసుపత్రికి వానలో ఎంతసేపు పడుతుంది, చికిత్సలు వద్దనుకుంటే ఆ మేరకు డబ్బు తగ్గుతుందా. మొదటి రెండింటికీ తడుముకుంటే వేరే చోటు చూసుకోండి.

డబ్బుకు తగిన ఫలితం దక్కిందా అంటే, నాకు దక్కింది. నేను మళ్లీ వెళ్తున్నాను. ఈసారి పది రాత్రులు, రోజుకు ఒక్క చికిత్స. కాఫీ తగ్గించడం ఈ సోమవారం మొదలుపెట్టాను.