విసుగు దాటాక

విజయనగరం

అమ్మాయికి ఆశీస్సులు.

కథ రెండు పేజీలు రాసేసరికి చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతోందని రాశావు. ధ్యానం నేర్చుకోమంటారా అని అడిగావు. నేర్చుకో, తప్పులేదు. కానీ ముందు నీకు కావలసింది బీరువా తాళం.

కూర్చునేముందు ఫోను ఆపేసి, వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వెయ్యి. సైలెంట్‌లో పెట్టి పక్కన బోర్లించుకుంటే చాలదు, ఇంకా మోగలేదేమిటా అని నువ్వే తీసి చూస్తావు. టైముకి గోడగడియారం ఉంది. మొదటి వారం రోజుకి 25 నిమిషాలు చాలు. వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ 45 దగ్గర ఆగు. ఆ పైన పంతానికి కూర్చుంటే వాక్యాలు పేలవంగా వస్తాయి.

కూర్చునే ముందు రీళ్ళూ వార్తలూ చూడకు. చేపల పులుసు కాచిన గిన్నెలో పాలు కాచి, నీచువాసనకి పాలని తిడితే ఏం లాభం? ఒక పని వదిలి ఇంకోదానికి వచ్చాక కూడా బుర్రలో కొంత పాతదాన్నే పట్టుకుని ఉండటానికి సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ‘అటెన్షన్ రెసిడ్యూ’ అని పేరు పెట్టింది. పేరు కొత్తదే గానీ మన వంటిళ్ళకి సంగతి పాతదే.

పక్కన ఒక చిత్తుకాగితం ఉంచుకో. గ్యాస్ బుక్ చెయ్యాలనో, పిన్నికి ఫోన్ చెయ్యాలనో గుర్తొస్తుంది. ఒక్క ముక్క అందులో రాసి మళ్ళీ కథలోకి రా. అయితే కొత్తవాళ్ళని నిజంగా ముంచేవి ఇవి కావు, కథకి పనికొచ్చేలా కనిపించే సందేహాలు. సంతలో ఆ నెలలో జీడిమామిడి పళ్ళుంటాయా అని అనుమానమొస్తుంది, చూసొద్దామని లేస్తావు, అరగంట పోతుంది. అలాంటి మాట చుట్టూ సున్నా చుట్టి ముందుకి నడు. సున్నాలన్నీ ఆఖర్న ఒక్కసారే తీర్చు. వాటిలో చాలావాటి అవసరమే లేదని అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా కంచె వెయ్యడం. పంట వేరే ఉంది.

ఒక పొద్దు పొందూరు వెళ్ళు. అక్కడి సన్నఖద్దరు కోసం, గింజ ఇంకా పత్తిలో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళే దువ్వెన. దువ్వేవాళ్ళని అడిగి, వాళ్ళ పనికి అడ్డురాకుండా ఒక్కరి చేతులు మాత్రమే 40 నిమిషాలు చూడు. మొదటి పది నిమిషాల్లో కనిపించేది ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ కనిపించేదే: చేప దవడ, తెల్లటి పింజ, ముడతలు పడ్డ చేతులు. ఆ తరవాత విసుగొస్తుంది. చూడాల్సింది అయిపోయిందనిపిస్తుంది. లేవకు. మామూలుగా ఫోను బయటికొచ్చేది అక్కడే. ఆ విసుగుని మింగేస్తుంది కాబట్టే ఫోను మనకి శత్రువు. పనిలేక లెక్కపెట్టడం మొదలెడతావు: గింజని ఏ వేలితో నొక్కి పట్టారు, ఎన్ని దువ్వులకి పింజ విచ్చుకుంది, ఎప్పుడు ఆగి ఎముకని తుడుచుకున్నారు, నలుసు ఒళ్ళో పడిందా నేలమీదా. కథకి పనికొచ్చేది ఇక్కణ్ణించే దొరుకుతుంది.

అక్కడ ఏమీ రాయకు. ఆ రాత్రే, పడుకునేలోగా, 200 పేజీల నోటుబుక్కులో కుడి పేజీ మీద రాయి. కుడి పేజీకి ఒక నిషేధం: ‘లాగా’, ‘వలె’ ఉండకూడదు, విశేషణాలు అసలే వద్దు. ‘చేతులు పువ్వుల్లా కదిలాయి’ అని రాశావంటే నువ్వు చేతులు చూడలేదన్నమాట. ఎడమ పేజీ ఖాళీగా వదులు. వారం పోయాక గుర్తొచ్చినవీ, తోచిన పోలికలూ అటు వెళ్తాయి.

తిరుగు ప్రయాణంలో పాసింజర్ బండి ఎక్కు. ఈసారి చెవికి పని. ‘కూరేటి ఒండినావు?’ అని వినిపిస్తే ‘ఏం కూర వండావు’ అని దిద్దుకుని గుర్తుపెట్టుకోకు. ఆ ‘ఏటి’ పోతే మన శ్రీకాకుళం పోయినట్టే. రికార్డు చెయ్యాలని కూడా చూడకు. మాటలు యంత్రంలోకి పోతున్నాయంటే చెవి నిద్రపోతుంది, పైగా అడక్కుండా పక్కవాళ్ళ మాట పట్టుకోవడం మర్యాద కాదు. సవర భాష వెంట మన్యంలో తిరిగిన గిడుగు రామమూర్తిగారికి అక్కడి జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది. మాట కోసం అంత ఖరీదు పెట్టినవాళ్ళున్న నేల మనది.

చదవడానికి నీకు శ్రీకాకుళం ఊళ్ళోనే కథానిలయం ఉంది, కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావుగారు) 1997లో తెరిచిన తెలుగు కథల గ్రంథాలయం. వెళ్ళి ఒక్క కథే తీసుకో. అన్ని వేల కథల మధ్య చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు, అయినా ఒక్కటే. ఏకబిగిన చదువు, కాస్త నడిచొచ్చి మళ్ళీ చదువు. మూడోరోజు పుస్తకం లేకుండా ఆ కథ నడకని ఒక పేజీలో రాసి, మళ్ళీ వెళ్ళి పోల్చుకో. నువ్వు ఎగరగొట్టిన చోట్లే నీ ధ్యాస జారిన చోట్లు. తరచుగా అవి సంభాషణలు కావు, వాటి మధ్యనున్న చిన్న వర్ణనలు.

పొందూరు వెళ్ళొచ్చాక కుడి పేజీలు మాత్రం నకలు రాసి పోస్టులో పంపు. వాట్సాప్‌లో ఫొటోలు తీసి పెట్టకు, నేను చూడను. ఎడమ పేజీలు నీ దగ్గరే ఉంచుకో.