విడాకుల తర్వాత మాజీ భర్త ఇచ్చిన నగలు వెనక్కి ఇచ్చేయాలా?

అస్సలు ఇవ్వక్కర్లేదండీ. ఆయన ఇష్టపడి ఇచ్చింది మీదే, సందేహం లేదు. కాకపోతే ఆ నగ బిల్లు సంపాదించి ఒకసారి చదవండి, నేను చదవకపోయినా బాగుండేదేమో.

2019లో మా పదో పెళ్లిరోజుకి ఆయన కెంపుల నెక్లెస్ తెచ్చారు. మావాడు పెళ్లానికి ఎంత చేశాడో చూడండి అని అత్తగారు వీధంతా చెప్పుకున్నారు. తర్వాత మాకు పడలేదు, అదంతా వేరే కథ. పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు చూస్తే అమ్మవాళ్లు పెళ్లికి పెట్టిన నాలుగు గాజులు లాకర్లో లేవు, అడిగితే మీ అమ్మే పట్టుకెళ్లింది అన్నారు, అమ్మేమో నేనెందుకు తీస్తానే అని ఒకటే ఏడుపు. లాయరు గారు ఇది తేల్చుకోవాలంటే ఇంకా లాగుద్దమ్మా అనేసరికి విసుగొచ్చి నగలన్నీ అందాయని సంతకం పెట్టేశా.

ఈమధ్య పాప ఇంటర్ ఫీజుకి (ఈ కాలేజీల ఫీజుల గురించి మొదలుపెడితే ఇక ఆపను) ఆ నెక్లెస్ అమ్ముదామని బందరు రోడ్డులో ఆయన కొన్న షాపుకే వెళ్లా. దాని మీద 916 ముద్ర (అంటే 22 క్యారెట్లు) ఉంది కానీ హెచ్‌యూఐడీ నంబరు (ప్రతి నగకీ విడిగా వేసే హాల్‌మార్క్ నంబరు) లేదు, అది వచ్చిందే 2021లో కదా. కౌంటర్లో అబ్బాయి బిల్లుందా మేడమ్ అన్నాడు. లేదంటే కొన్నవాళ్ల ఫోన్ నంబరు అడిగి, సిస్టంలో వెతికి ప్రింట్ చేతికిచ్చాడు.

అందులో "పాత బంగారం, గాజులు 4, 64 గ్రాములు" అని ఉంది. దాని కింద కరిగింపు తరుగు, మజూరి, రాళ్ల ఖరీదు, 3 శాతం జీఎస్టీ అన్నీ కలిపి, అందులోంచి గాజుల విలువ తీసేస్తే ఆయన జేబులోంచి కట్టింది 640 రూపాయలు. నా గాజులతో నాకే గిఫ్టు కొన్నారన్నమాట! ఆ రోజు నేను థాంక్స్ చెప్పి ఆయనకి షర్టు కూడా కొన్నా.

బిల్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఎవరి బంగారమైతే ఏంటి, నీ మెడలోనే కదా వేసింది అని రిప్లై. ఏంటంటే, 64 గ్రాముల గాజులిస్తే వచ్చిన నెక్లెస్‌లో రాళ్లు తీసేస్తే బంగారం 47 గ్రాములే. మిగతా 17 గ్రాములు ఎవరి మెడలో వేశారో మరి. పైగా అమ్మ మీద వేసిన నింద సంగతి మాత్రం ఎత్తలేదు.

పుట్టింటివాళ్లు పెట్టింది ఆడదాని సొంతం, హిందూ వారసత్వ చట్టం 1956 సెక్షన్ 14 కూడా అదే చెప్తోంది. అయినా లాకర్ తాళం ఎవరి దగ్గరుంటే బంగారం వాళ్లదే మనిళ్లల్లో, ఎవరేమన్నా నేను ఇదే అంటా. ప్రతి నగ బిల్లూ మీ పేరు మీదే తీసుకోండి, గాజులకి ఫోటోలు తీసి పెట్టుకోండి. బంగారం స్వచ్ఛత మీద అనుమానముంటే హాల్‌మార్కింగ్ సెంటర్‌కి పట్టుకెళ్తే కొద్ది ఫీజుకి పరీక్ష చేసిస్తారు, నాది 916 కరెక్టుగానే ఉంది, ఆయన అక్కడ మాత్రం మోసం చెయ్యలేదు.

నెక్లెస్ అమ్మేశాను. రాళ్లకి కొనేటప్పుడు వేలు గుంజి అమ్మేటప్పుడు ఒక్క రూపాయి కూడా ఇవ్వరట, అదేంటయ్యా అంటే అన్ని షాపుల్లో అంతే మేడమ్ అన్నాడు. దీని మీద ఎవరూ కేసు ఎందుకు వెయ్యరో నాకైతే అర్థం కాదు.